షెడ్డు నేర్పేది, కాలేజీ నేర్పవలసింది

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నం శివారులోని గిలకలదిండి హార్బరు నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, ఇంజన్ బిగించిన బోట్లు వేటకు వెళ్ళవు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరిగే కాలంలో వేట ఆపాలన్న ఉద్దేశంతో విధించే ఈ నిషేధం తూర్పు తీరమంతటికీ వర్తిస్తుంది. మత్స్యకారుడికి పని లేని ఈ రెండు నెలలే మరమ్మతు పనివాడికి ఏడాదిలోకెల్లా తీరిక లేని రోజులు. పది నెలలు ఉప్పునీటి మధ్య నడిచిన ఇంజన్‌ను దించి, పిస్టన్ రింగులు మార్చి, నాజిళ్ళు పరీక్షించి, గేరుబాక్సు, ఫ్యాను షాఫ్టు సరిచూసి, జూన్ రెండో వారం నాటికి బోటును సిద్ధం చేయవలసి ఉంటుంది. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్ళు ఉన్న జట్టుకు ఒక ఇంజన్ పూర్తిగా విప్పి బిగించడానికి ఐదు రోజులు పడుతుందనుకుంటే, నిషేధ కాలం మొత్తంలో ఆ జట్టు చేయగలిగేవి పన్నెండు బోట్లే; కావలసిన విడిభాగం రాక పది రోజులు వృథా అయితే అందులోనూ రెండు తగ్గిపోతాయి. ఏ బోటు ముందు, ఏది తరువాత, ఏ సామాను ఏ తేదీకి తెప్పించాలి, యజమానికి ఎంత ఖర్చు చెప్పాలి, ఏ రోజుకు ఇస్తామని మాట ఇవ్వాలి అన్న ప్రశ్నలకు పానా పట్టడం ఎంత బాగా వచ్చినవాడికైనా ఆ నేర్పు ఒక్కటే జవాబు ఇవ్వదు.

వాహన మరమ్మతు, సర్వీసు నిర్వహణ పేరుతో కాలేజీల్లో నేర్పే చదువుకు ఈ రెండు పార్శ్వాలూ ఉన్నాయి. మొదటిది యంత్రానికి సంబంధించినది: ఇంజన్, క్లచ్, గేరుబాక్సు, బ్రేకులు, స్టీరింగు, విద్యుత్ వ్యవస్థ ఎలా పనిచేస్తాయో, ఎందుకు చెడిపోతాయో, చెడినదాన్ని ఎలా కనిపెట్టి బాగుచేయాలో చెప్పేది. రెండవది వర్క్‌షాపుకు సంబంధించినది: వచ్చిన వాహనాన్ని నమోదు చేసుకోవడం మొదలు పనిని పంచడం, విడిభాగాల నిల్వ చూసుకోవడం, ఖర్చు అంచనా వేయడం, బిల్లు రాయడం, తిరిగి వచ్చిన ఫిర్యాదును పరిష్కరించడం వరకు సాగే వ్యవహారమంతటినీ ఒక పద్ధతిలో నడపడం. కృష్ణా డెల్టా దిగువ భాగంలో మొదటి విద్యకు కొదవ లేదు. రెండవ విద్యను ఒక విద్యగా గుర్తించినవారే తక్కువ, పేరులో నిర్వహణ అన్న మాట పెట్టుకున్న కోర్సులు సైతం దానికి పాఠ్యప్రణాళిక చివరి పుటల్లోనే చోటిస్తున్నాయి.

మొదటి విద్య ఈ ప్రాంతానికి కాలేజీల ద్వారా రాలేదు. విజయవాడలో 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ లారీల మరమ్మతుకు, బాడీ కట్టే పనికి, లేత్ పనికి, పాత సామాను వ్యాపారానికి కేంద్రంగా ఎదిగి, డెల్టా పల్లెల నుంచి వచ్చిన రెండు మూడు తరాల కుర్రాళ్ళకు బడిగా పనిచేసింది. గుడివాడ, బందరు, అవనిగడ్డ రోడ్ల వెంట కనిపించే షెడ్లలో చాలా వాటి యజమానులు అలా నేర్చుకున్నవారి శిష్యులో, శిష్యుల శిష్యులో అయి ఉంటారు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో చేరి, మొదట సామాను కడిగి, ఆపై నట్లు విప్పి, కొన్నేళ్ళకు గాని ఇంజన్ ముట్టుకోనివ్వని ఆ పద్ధతిలో బాలల శ్రమ అనే తీవ్రమైన దోషం ఉంది, దాన్ని వెనకేసుకు రావలసిన పని లేదు. అయితే చెవితో శబ్దం విని బేరింగు అరిగిందో, ట్యాపెట్ వదులైందో చెప్పగల నేర్పు, పొగ రంగు చూసి నూనె మండుతోందో, డీజిలు ఎక్కువ పడుతోందో పోల్చగల అనుభవం ఆ పద్ధతి నుంచే వచ్చాయన్నదీ నిజం. నల్లపొగ వస్తే డీజిలు పూర్తిగా కాలడం లేదని, నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు మండుతోందని, వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీరు సిలిండరులోకి చేరుతోందేమో చూడాలని ఏ మేస్త్రి అయినా చెబుతాడు.

ఈ అనుభవ జ్ఞానానికి 2020 ఏప్రిల్ 1న ఒక గట్టి పరీక్ష ఎదురైంది. ఆ రోజు నుంచి దేశమంతటా కొత్త వాహనాలకు భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంటే పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి రేణువులు వంటివాటిని ఇంతకు మించి వదలకూడదన్న పరిమితి మునుపటికంటే ఎంతో కఠినమైంది. ఆ పరిమితిని అందుకోవడానికి మోటారు సైకిళ్ళలో కార్బురేటరు పోయి ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఏర్పాటు వచ్చింది. లారీలు, బస్సులలో సైలెన్సరు ఉండే చోట మసిని పట్టి ఉంచే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే ఉత్ప్రేరక గది చేరాయి. ఈ గదిలోకి చిమ్మే ద్రవాన్ని డ్రైవర్లు యాడ్‌బ్లూ అంటారు, అది 32.5 శాతం యూరియా, మిగిలినది లవణాలు లేని శుద్ధజలం కలిసిన ద్రావణం. పొలానికి తెచ్చిన యూరియాను బోరు నీటిలో కలిపి పోస్తే సరిపోతుందని భావించినవారికి, ఆ నీటిలోని లవణాలు ఉత్ప్రేరకాన్ని పాడుచేసిన తరువాత వచ్చే బిల్లు చాలా ఖరీదైన పాఠం.

ఇలాంటి వాహనాల్లో ఇంజన్‌ను నడిపించేది ఇంజన్ కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటరు. ఉష్ణోగ్రత, పీడనం, వేగం, గాలి ప్రవాహం వంటివాటిని కొలిచి పంపే సెన్సర్ల సమాచారాన్ని అది క్షణక్షణం చదువుతూ, తేడా కనిపించినప్పుడు ఒక సంకేత సంఖ్యను దాచిపెట్టి, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం వెలిగిస్తుంది. స్కానరు అనే పరికరం తగిలించి ఆ సంఖ్యను చదవడం నేడు ఎవరైనా చేయగల పని, అసలు చిక్కు ఆ తరువాతనే మొదలవుతుంది. ఉదాహరణకు పి 0087 అనే సంకేతం కామన్ రైలులో ఇంధన పీడనం ఉండవలసిన దానికంటే తక్కువగా ఉందని చెబుతుంది. కామన్ రైలు అంటే అన్ని నాజిళ్ళకూ ఉమ్మడిగా డీజిలును వెయ్యి బార్లకు మించిన పీడనం దగ్గర నిలిపి ఉంచే గట్టి ఉక్కు గొట్టం. పీడనం తగ్గిందని చెప్పిన ఆ సంఖ్య, ఎందుకు తగ్గిందో మాత్రం చెప్పదు. ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో ఎక్కడో గాలి పీలుస్తూ ఉండవచ్చు, ఫీడు పంపు బలహీనపడి ఉండవచ్చు, ఒక నాజిలు లోపలి నుంచే డీజిలును వెనక్కి వదిలేస్తూ ఉండవచ్చు, పీడనం కొలిచే సెన్సరే అబద్ధం చెబుతూ ఉండవచ్చు, చివరికి అధిక పీడన పంపే అరిగిపోయి ఉండవచ్చు.

స్కానరు చదవడమే విద్య అనుకున్న పనివాడు సంఖ్య చూసి నేరుగా పంపు మార్చుతాడు, సమస్య పోకపోతే నాజిళ్ళు మార్చుతాడు, ఆ ఖర్చంతా వాహన యజమాని మీద పడుతుంది. క్రమంలో నేర్చుకున్నవాడు చవకైన పరీక్షతో మొదలుపెడతాడు: ముందు ఫిల్టరు, ఆపై ఇంధన గొట్టంలో ఒక చోట పారదర్శకమైన ముక్క తగిలించి అందులో గాలి బుడగలు వస్తున్నాయేమో చూడడం, ఆ తరువాత ఒక్కొక్క నాజిలు నుంచి వెనక్కి వచ్చే డీజిలును వేరువేరు సీసాల్లో ఒకే సమయం పాటు పట్టి పోల్చడం. నాలుగు సీసాల్లో ఒకటి మిగతావాటికంటే చాలా ముందుగా నిండితే దోషి అయిన నాజిలు ఏదో తేలిపోతుంది. ఈ పరీక్షకు కావలసింది నాలుగు సీసాలు, ఒక గడియారం, వాటికంటే ముఖ్యంగా ఏది ఎందుకు చేస్తున్నాడో తెలిసిన బుర్ర. నిర్ధారణ అనే ఈ శాస్త్రీయ క్రమాన్ని నేర్పడమే ప్రయోగశాల ఉన్న కాలేజీ షెడ్డుకంటే బాగా చేయగల మొదటి పని.

విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ క్రమశిక్షణకు ప్రాణ రక్షణ అనే మరో కారణం తోడైంది. విద్యుత్ కారులో నారింజ రంగు తొడుగు ఉన్న కేబుళ్ళలో వందల వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. ముందుగా ఇన్సులేటెడ్ చేతి తొడుగులు వేసుకుని, సర్వీసు ప్లగ్గు అనే తాళాన్ని తీసి, కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు దిగిపోయేదాకా తయారీదారు చెప్పిన నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్న తరువాతనే వాటిని ముట్టుకోవాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ తీగలను రాపాడించి నిప్పురవ్వ చూసి బాగుందని చెప్పే పాత అలవాటు ఇక్కడ మనిషిని చంపుతుంది.

పదో తరగతి పూర్తయిన విద్యార్థికి ఈ రంగంలో ప్రవేశించడానికి ఉన్న దారులు ఒకదానికొకటి భిన్నమైనవి, అయినా తల్లిదండ్రులు వాటిని తరచు ఒకే గాటన కడుతుంటారు. ఐటీఐలో మోటారు వాహన మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, డీజిల్ మెకానిక్, ట్రాక్టర్ మెకానిక్ ట్రేడులు ఒక్కో ఏడాది ఉంటాయి. వాటి చివర ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ చేతిపనికి గుర్తింపు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్ళు, ఆ తరువాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏటిలో నేరుగా చేరవచ్చు. ఇంటర్మీడియెట్ వృత్తి విద్యలోనూ ఆటోమొబైల్ కోర్సు ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2014లో మొదలుపెట్టిన బీవొక్ డిగ్రీ వీటన్నిటికంటే కొత్తది. అందులో బోధనలో 60 శాతం నైపుణ్యానికి, 40 శాతం సాధారణ విద్యకు కేటాయించారు, మొదటి ఏడాదికే మానేస్తే డిప్లొమా, రెండో ఏడాదికి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ చేతికి వస్తాయి. మరమ్మతుతో పాటు సర్వీసు నిర్వహణనూ సరిసమానంగా నేర్పడానికి అనువైన చట్రం నిజానికి ఇదే.

చదువు ముగిశాక అప్రెంటిస్‌షిప్ చేయడం మరొక మెట్టు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో కనీసం రెండున్నర శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ డిపోలు ఐటీఐ పూర్తి చేసినవారిని ఇలా తీసుకుంటాయి, నిర్వహణ అంటే ఏమిటో కళ్ళారా చూడడానికి ఈ ప్రాంతంలో ఆర్టీసీ డిపోను మించిన బడి లేదు. అక్కడ బస్సు చెడిపోయేదాకా ఆగరు. ప్రతి బస్సుకూ రోజువారీ తనిఖీ, వారపు తనిఖీ, తిరిగిన కిలోమీటర్లను బట్టి పెద్ద తనిఖీ ఉంటాయి. డ్రైవరు రాసిన ఫిర్యాదు, దానికి మెకానిక్ చేసిన పని, వేసిన సామాను అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. తెల్లవారుజామున మొదటి సర్వీసు బయలుదేరాలంటే రాత్రి ఏ పని ఎవరు చేయాలో ముందే నిర్ణయమై ఉండాలి. షెడ్డులో లేనిదీ, డిపోలో ఉన్నదీ ఈ ముందుచూపే.

ముందుచూపుకు అచ్చమైన రూపం జాబ్ కార్డు. వాహనం లోపలికి రాగానే రాసే ఈ కాగితంలో వాహనం నంబరు, తిరిగిన కిలోమీటర్లు, ట్యాంకులో ఉన్న డీజిలు, బాడీ మీద అప్పటికే ఉన్న సొట్టలు, యజమాని తన మాటల్లో చెప్పిన ఫిర్యాదు, ఖర్చు అంచనా, ఇచ్చే తేదీ ఉంటాయి. ఇందులో అన్నిటికంటే కష్టమైన గడి ఫిర్యాదుది. బండి లాగడం లేదని యజమాని చెబుతాడు; ఎత్తు ఎక్కేటప్పుడా, బరువు వేసినప్పుడా, ఇంజన్ వేడెక్కిన తరువాతా, మూడో గేరులోనా అన్న నాలుగు ప్రశ్నలు వేసి రాబట్టిన సమాధానం మెకానిక్‌కు సగం నిర్ధారణ చేసిపెడుతుంది. సర్వీసు అడ్వైజరు అనే ఉద్యోగానికి పునాది ఈ ప్రశ్నలు వేయగలగడమే. యంత్రం తెలియనివాడు ఈ ప్రశ్నలు వేయలేడు, యంత్రం మాత్రమే తెలిసినవాడు తరచు వేయడు.

జాబ్ కార్డుల వెనుక ఉండే లెక్క చాలామంది విద్యార్థులకు కొత్తగా తోస్తుంది. ప్రతి పనికీ ఇన్ని గంటలు పడుతుందని తయారీ సంస్థలు నిర్ణయించిన ప్రామాణిక సమయం ఉంటుంది, కూలీ బిల్లు దాని మీద లెక్కకడతారు. ఒక వర్క్‌షాపులో నలుగురు పనివాళ్ళు రోజుకు ఎనిమిదేసి గంటలు హాజరయ్యారనుకుందాం, అంటే 32 గంటలు. అందులో వాళ్ళు నిజంగా వాహనం మీద చేయి పెట్టినది 20 గంటలు, ఆ 20 గంటల్లో వాళ్ళు పూర్తి చేసిన పనుల ప్రామాణిక సమయం 24 గంటలు. పనివాళ్ళు ప్రమాణంకంటే వేగంగానే, 120 శాతం సామర్థ్యంతో చేశారు. అయినా వర్క్‌షాపు అమ్ముకోగలిగింది హాజరైన సమయంలో 75 శాతమే. మిగతా 12 గంటలు సామాను కోసం, ఖర్చుకు యజమాని ఒప్పుకోవడం కోసం, లిఫ్టు ఖాళీ కావడం కోసం ఎదురుచూడడంలో పోయాయి. నష్టం వచ్చినప్పుడు కుర్రాళ్ళు ఒళ్ళు వంచడం లేదని తిట్టే షెడ్డు యజమానులకు ఈ లెక్క వేసి చూపిస్తే తప్పు ఎక్కడుందో వేరే చెప్పనక్కరలేదు.

విడిభాగాల నిల్వ కూడా అంతే నిక్కచ్చి అయిన లెక్క. రోజుకు రెండు డీజిలు ఫిల్టర్లు ఖర్చయ్యే చోట, విజయవాడ నుంచి సరుకు రావడానికి మూడు రోజులు పడితే, ఆ మూడు రోజులకు ఆరు, అనుకోని అవసరానికి మరో నాలుగు కలిపి, అలమరలో పది మిగిలినప్పుడే కొత్త ఆర్డరు పెట్టాలి. ఎక్కువ ధర ఉండి అరుదుగా అమ్ముడుపోయే సామానుకు, తక్కువ ధర ఉండి రోజూ కావలసిన సామానుకు ఒకే నియమం పెట్టకూడదు, ఒకదానిలో డబ్బు ఇరుక్కుంటుంది, మరొకటి లేక పని ఆగుతుంది. వారంటీ కింద మార్చిన పాత సామానును పారేయకుండా, జాబ్ కార్డు నంబరు రాసిన చీటీ కట్టి కంపెనీ తనిఖీ వరకు దాచాలన్న చిన్న నియమం తెలియక డబ్బు పోగొట్టుకునేవారు ఉంటారు.

డెల్టా జీవితపు ఋతుక్రమం ఈ లెక్కలను ఇంకా జటిలం చేస్తుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత గుడివాడ, పామర్రు, దివిసీమ పొలాల్లో దమ్ము మొదలవుతుంది. ట్రాక్టర్ల టైర్లు తీసి ఇనుప దమ్ము చక్రాలు తగిలించి మోకాటి లోతు బురదలో తిప్పే ఆ వారాల్లో ఇరుసు సీళ్ళు దెబ్బతిని, బురద నీరు గేరు నూనెలో చేరి, ట్రాక్టర్లు వరుసగా షెడ్డుకు వస్తాయి. నూనె పాల రంగుకు తిరిగిందంటే నీరు చేరిందని అర్థం, అలాగే నడిపితే బేరింగులు పోతాయి. నవంబరు, డిసెంబరుల్లో చైను మీద నడిచే కోత మిషన్లది మరో వరుస. నందివాడ, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గర ఐసు వేసిన సరుకు ఎక్కించుకున్న లారీ దారిలో ఆగితే పాడయ్యేది లారీ ఒక్కటే కాదు. ఏ నెలలో ఏ పని మీద పడుతుందో ఇంత స్పష్టంగా ముందే తెలిసిన ప్రాంతం మరొకటి ఉండదేమో. అయినా దమ్ముకు ముందు మే నెలలోనే ట్రాక్టరు సీళ్ళు మార్పించుకొమ్మని రైతులకు కబురు పెట్టి, తక్కువ కూలీకి పని ముగించే పద్ధతి అరుదు. ఇలాంటి నివారక నిర్వహణే, అంటే చెడకముందే బాగుచేయడమే, సర్వీసు మేనేజ్‌మెంటు పాఠాల్లో మొదటి అధ్యాయం.

ముందు తెలియని ఆపదకూ ఈ ప్రాంతం కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పరిసర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు పెద్ద సంఖ్యలో మునిగాయి. మునిగిన బండిని తోసి, స్టార్టు చేసి చూడడం సహజంగా ఎవరికైనా కలిగే తొందర, అదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. గాలిలాగా నీరు అణగదు. సిలిండరులో నీరుండగా పిస్టన్ పైకి లేస్తే ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, శుభ్రం చేసి బతికించగలిగిన ఇంజన్ అక్కడితో పోతుంది. బ్యాటరీ తీసి, ప్లగ్గులు లేదా నాజిళ్ళు విప్పి నీరు వెళ్ళగొట్టి, ఆయిలు మార్చి, తీగల కనెక్టర్లు ఆరబెట్టిన తరువాతనే తిప్పి చూడాలి. సాంకేతికంగా ఇది తెలిసినవారు నగరంలో చాలామందే ఉన్నారు. కొరవడింది క్రమం: ఒకేసారి వచ్చి పడ్డ వాహనాల్లో జీవనాధారమైన ఆటోలను ముందు తీసుకోవడం, బీమా సర్వేయరు చూడకముందే ఇంజన్ విప్పకుండా ఉండడం, అంచనా వాహనానికి పాలసీలో ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తారని యజమానికి వివరించడం. ఇవన్నీ పాఠ్యాంశాలే.

బోటు ఇంజన్ ఈ విద్యలో ఒక ప్రత్యేక శాఖ. లారీ ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటరుకు ఎదురుగాలి ఉంటుంది, బోటు అడుగున ఉన్న ఇంజన్‌కు అది లేదు. అందుకని సముద్రపు నీటిని పంపుతో లాగి, ఉష్ణ వినిమయకం అనే గొట్టాల పెట్టె ద్వారా పంపుతారు, అందులో ఉప్పునీరు ఒక పక్క, ఇంజన్‌లోని మంచినీరు మరో పక్క ప్రవహిస్తూ ఒకదాని వేడిని మరొకటి తీసుకుపోతుంది. ఉప్పునీటిలో వేరువేరు లోహాలు కలిసి ఉన్నప్పుడు ఒకటి మరొకదాన్ని తినేస్తుంది కనుక, ఆ పెట్టెలో ఒక చిన్న జింకు కడ్డీ బిగిస్తారు. మిగతా లోహాలకు బదులు జింకే ముందుగా అరిగిపోతుంది. వంద రూపాయల స్థాయి వస్తువును వేళకు మార్చకపోతే వేల రూపాయల పెట్టె తూట్లు పడుతుంది. గిలకలదిండి దగ్గర సముద్రపు మొగ తరచు పూడుకుపోవడం, బోట్లు పోటు కోసం కాచుకుని లోతు తక్కువ నీటిలో నడవవలసి రావడం వల్ల పంపు ఇసుకను, ఒండ్రును కూడా పీల్చి, అందులోని రబ్బరు చక్రం త్వరగా అరుగుతుంది. ఈ పనిని ప్రత్యేకంగా నేర్పే ట్రేడు మెరైన్ ఫిట్టర్. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సిఫ్నెట్ కొచ్చిలో 1963లో మొదలై, 1981లో విశాఖపట్నంలో యూనిట్ తెరిచి, పదో తరగతి చదివినవారికి ఆ ట్రేడు నేర్పుతోంది. దివిసీమలోనే నాగాయలంక మండలం భావదేవరపల్లిలో మండలి వెంకట కృష్ణారావు పేరిట మత్స్య పాలిటెక్నిక్ ఉంది, దాని ప్రధాన విషయం చేపల పెంపకం, మత్స్య విజ్ఞానం. ఈ పాలిటెక్నిక్‌కూ, గిలకలదిండి షెడ్లకూ మధ్య వేట నిషేధ కాలంలో ఒక స్వల్పకాలిక ఇంజన్ నిర్వహణ కోర్సు నడపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, బోట్లు, మేస్త్రీలు, 61 రోజుల సమయం అన్నీ అందుబాటులోనే ఉన్నాయి.

జర్మనీలో ఈ సమస్యను మరో విధంగా పరిష్కరించారు. అక్కడ వాహన మెకట్రానిక్స్ పనివాడి శిక్షణ మూడున్నరేళ్ళు, వారంలో కొన్ని రోజులు వర్క్‌షాపులో, మిగతావి వృత్తి పాఠశాలలో గడుస్తాయి. కానీ సొంతంగా వర్క్‌షాపు నడపాలంటే అది చాలదు, సాధారణంగా మైస్టర్ అనే పై పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షకు నాలుగు భాగాలున్నాయి: చేతిపని, సాంకేతిక సిద్ధాంతం, వ్యాపార నిర్వహణ, చట్టాలు కలిసిన మూడవ భాగం, కుర్రవాళ్ళకు పని నేర్పే బోధనా విధానం నాలుగవది. మేస్త్రి కావాలంటే లెక్క రావాలి, బోధించడం కూడా రావాలని ఒక దేశం శాసించడం మన షెడ్లను ఎరిగినవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది, ఆలోచిస్తే న్యాయంగానే తోస్తుంది.

బందరుకు ఈ ఆలోచన పూర్తిగా పరాయిది కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తక విద్యతో పాటు చేతిపనికీ గౌరవ స్థానం ఇవ్వాలని సంకల్పించింది. 1926లో ఇక్కడే మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర ప్రయోగ పరికరాలు తయారుచేసి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిపోయింది. సూక్ష్మమైన లోహపు పనికి పేరుపడ్డ ఊరిలో మరమ్మతు విద్య ఎందుకు చిన్నచూపుకు గురైందన్నది విడిగా పరిశోధించదగిన విషయం. రానున్న ఏళ్ళలో ఈ విద్యకు గిరాకీ పెరిగే సూచనలు కంటికి కనిపిస్తున్నాయి. బాపులపాడు మండలం మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం 2025 మార్చిలో ప్రారంభమైంది. 2023 మేలో శంకుస్థాపన జరిగిన బందరు ఓడరేవు పూర్తయితే 65వ, 216వ నంబరు జాతీయ రహదారుల మీద సరుకు లారీల సంఖ్య పెరగక తప్పదు.

షెడ్డుకు కొరవడింది ముందుచూపు అయితే, కాలేజీల లోపం మరొక చోట ఉంది. చాలా సంస్థల్లో ఇంజన్ అంటే మధ్యకు కోసి రంగులు వేసి బల్ల మీద నిలబెట్టిన బొమ్మ, అది ఎన్నడూ మొరాయించదు, పొగ వదలదు, ఏ యజమానీ దాని కోసం వచ్చి గొడవపడడు. డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉన్నా, విద్యార్థిని వర్క్‌షాపులో ఒక మూల నిలబెట్టి సంతకం చేసి పంపే చోట్ల ఆ కాలం వృథా అవుతుంది. మరోవైపు షెడ్డు మేస్త్రికి తయారీదారు ఇచ్చే మరమ్మతు వివరాలు, స్కానరు సాఫ్ట్‌వేరు అందవు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్ ఆ వివరాలను బయటపెట్టించే దిశలో ఒక మొదటి అడుగు మాత్రమే. అనుభవం ఉండీ సర్టిఫికెట్ లేని మేస్త్రీలకు పూర్వ అభ్యసన గుర్తింపు పేరుతో పరీక్ష పెట్టి పత్రం ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. వారిలో నేర్పరులను వారానికి రెండు రోజులు కాలేజీకి రప్పించి పాఠం చెప్పించడం, బదులుగా వారి షెడ్డు కుర్రాళ్ళకు స్కానరు, జాబ్ కార్డు, జీఎస్టీ బిల్లు నేర్పడం రెండు పక్షాలకూ లాభసాటి.

పిల్లలను ఈ చదువులో చేర్పించదలచిన తల్లిదండ్రులు భవనం చూసి కాక వర్క్‌షాపు చూసి నిర్ణయించుకోవాలి. లోపలికి వెళ్ళి నిజంగా స్టార్టయ్యే ఇంజన్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో భారత్ స్టేజ్-6 ఇంజన్ ఒక్కటైనా ఉందో, స్కానరు బీరువాలో ఉంటుందో విద్యార్థుల చేతికి వస్తుందో అడగాలి. గత సంవత్సరం విద్యార్థులు ఆరు నెలల శిక్షణ ఏ వర్క్‌షాపులో చేశారో, అక్కడ వారు స్వయంగా రాసిన జాబ్ కార్డులు చూపగలరో కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని కాలేజీలో ఫీజు కట్టడంకంటే, పద్ధతిగా నడిచే డిపోలోనో, వర్క్‌షాపులోనో అప్రెంటిస్‌షిప్ దొరికే ఐటీఐలో చేర్పించడమే మేలు.